గొడ్డలి సోకని నేల

ఎవరి స్మృతికై ఈ ఉపన్యాసమాల ఏర్పడినదో ఆ ఆచార్యులు వృక్షశాస్త్రమును బోధించినవారు. శిష్యులను వెంటబెట్టుకొని అడవికి పోయినపుడు, దారిలో అమ్మవారి తోపు తగిలినచో, పూజారి అనుమతి లేనిదే అందు ఒక ఆకునైనను కోయనిచ్చెడివారు కారు. చెట్టు పేరు చెప్పగలిగినంతమాత్రమున చెట్టుపై హక్కు సంక్రమింపదని వారి మతము. ఆ మతమునే నేడు నేను కొంత విస్తరించి మీ ముందుంచ దలచితిని.

నేను చెప్పదలచినది సంగ్రహముగా ఇది: మన దేశమున పవిత్రములని పేరుపడిన కొండలును, కోనలును, తోపులును, మడుగులును ఇంతకాలము నిలిచియున్నవన్నచో, అందులకు భక్తి యొక్కటియే కారణము గాదు, ఆ భక్తికి కాపుగా నిలిచిన కట్టుబాటును, ఆ కట్టుబాటును తరతరములుగా అమలు జరుపుచు వచ్చిన స్థానిక ప్రజలును అసలు కారకులు. కట్టుబాటు సడలి, కాపరి తొలగింపబడిన చోట భక్తియే ఆ క్షేత్రమును కబళించుటకు వెనుదీయదు.

పవిత్రక్షేత్రమనగానే గోపురమును, ధ్వజస్తంభమును మన కన్నులకు గట్టుట సహజము. కాని గోపురములు పుట్టుటకు పూర్వమే దేవతలుండిరి. వారు చెట్టునందును, పుట్టయందును, గుండునందును, సెలయేటి మూలమునందును వసించిరి. నేటికిని మన పల్లెలలోని ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ, పోలేరమ్మ మున్నగు గ్రామదేవతలలో పెక్కుమందికి వేపచెట్టు నీడయే గర్భాలయము. ఇట్టి తావులన్నిటికిని సామాన్యలక్షణ మొకటి కలదు. ప్రతి తావునకును ఒక హద్దు ఉండును. ఆ హద్దులోపల ఏది చేయరాదో ఊరిలో పసిపిల్లకును తెలిసియుండును. గొడ్డలి ఎత్తరాదు, చెప్పులతో అడుగిడరాదు, వేటాడరాదు. కొన్ని చోట్ల రాలిన ఎండుపుల్లనైనను పొయ్యిలోనికి కొనిపోరాదు. పూజావిధానము ఊరూరికి మారవచ్చును గాని, ఈ 'రాదు' అను మాట మాత్రము అన్ని చోట్లను వినబడును.

మహాక్షేత్రములందును ఈ నిషేధముయొక్క జాడలు లేకపోలేదు. తిరుమల కొండపై స్త్రీలు సిగలో పూలు ముడుచుకొనరాదను ఆచారము మీరందరును ఎరిగినదే. కొండపైన పూచిన ప్రతి పువ్వును స్వామిదే. స్వామికి సమర్పించిన పూలను సైతము భక్తులకు పంచిపెట్టక పూలబావిలో విడుచుట పూర్వాచారము. భగవద్రామానుజులు ఆ కొండను ఆదిశేషుని దేహముగా భావించి, పాదము మోపుటకు జంకి, మోకాళ్లతో ఎక్కిరని వైష్ణవసంప్రదాయము చెప్పుచున్నది. ఈ కథను చరిత్రగా గైకొన్నను, భావనగా గైకొన్నను, అందలి తాత్పర్యమొక్కటే: దేవుడు కొండమీద ఉన్నాడనుటకంటె కొండయే దేవుడనుట పెద్ద మాట, ఆ మాటను నమ్మినవాడు కొండను త్రవ్వుటకు ముందు నూరుసార్లు ఆలోచించును.

ఇక ఈ నిషేధము ప్రకృతికి చేయు మేలు ఎట్టిదో విచారింతము. ఎండిన చెట్టును కొట్టరాదను నియమము బాహ్యదృష్టికి మూఢాచారముగా దోచును. కాని ఆ మోడులోని తొఱ్ఱయే చిలుకకును, గుడ్లగూబకును పుట్టిల్లు. ఆ పుచ్చుకట్టెలోని పురుగే వడ్రంగిపిట్టకు ఆహారము. అది మురిగి మన్నైన పిమ్మట ఆ మన్నే మొలకకు పాలు. చుట్టుప్రక్కల అడవి యంతయు వంటచెరకునకును, కలపకును, పోడునకును తరిగిపోయిన పిదప, రెండు మూడెకరముల దేవతావనము ఆ ప్రాంతపు పూర్వవృక్షజాతులకు తుది శరణ్యమగుచున్నది. కేరళదేశమున 'కావు' అని పిలువబడు ఇట్టి తోపులలో వృక్షశాస్త్రజ్ఞులు అంతకుముందు శాస్త్రమెరుగని మొక్కలను కనుగొనిరి. 'కున్‌స్ట్లేరియా కేరళెన్సిస్' అను తీగ అట్టిది. దేవతాభయము కాపాడిన తావునుండి శాస్త్రమునకు క్రొత్త మొక్క లభించినది.

మన శేషాచలమునే చూడుడు. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతముగా ప్రకటింపబడిన ఈ పర్వతశ్రేణిలో, ప్రపంచమున మరెచ్చటను సహజముగా విరివిగా పెరుగని ఎర్రచందనము కలదు. జాలారి, పేరీత వంటి అరుదైన వృక్షములు కలవు. రాత్రివేళ కొమ్మలపై మెల్లగా కదలు దేవాంగపిల్లి కలదు. రాతిబీటలలో వసించు బంగారు బల్లి కలదు. అనంతపురసీమలో కదిరి చేరువనున్న తిమ్మమ్మ మఱ్ఱిమాను అయిదెకరములకు మించి వ్యాపించి, 1989లో గిన్నిస్ గ్రంథమున స్థానము పొందినది. సహగమనము చేసిన తిమ్మమాంబ చితికొయ్యనుండి మొలచినదని ఐతిహ్యము. ఆ ఐతిహ్యమునందలి సహగమనమును మనము మెచ్చనక్కరలేదు. కాని దానిచేత కాపాడబడిన మఱ్ఱి ఏమి చేయుచున్నదో గమనింపవలెను. మఱ్ఱిజాతి వృక్షములు ఇతర వృక్షములు కాయని కాలమునందును పండ్లనిచ్చి పక్షులను, గబ్బిలములను పోషించును. ఆ పక్షులే విత్తనములను మోసికొనిపోయి దూరదూరములందు అడవి నాటును.

అన్నిటికంటె మిన్నగా, పవిత్రస్థలములలో పెక్కింటిని నీటిమూలములయొద్దనే మన పూర్వులు నెలకొల్పిరి. 1970వ దశకమున మాధవ గాడ్గిల్, వర్తక్ అను శాస్త్రజ్ఞులు మహారాష్ట్రమునందలి 'దేవరాయీ'లను, అనగా దేవతావనములను, పరిశీలించు కాలమున, కొంకణతీరపు శ్రీవర్ధన ప్రాంతమున 'గాణి' అను గ్రామవాసులు తమ తోపును నరికివేతనుండి కాపాడుడని మొరపెట్టుకొనిరి. వారు చెప్పిన కారణము స్వర్గనరకములకు సంబంధించినది కాదు. తమ ఊరి వాగు ఆ తోపులో పుట్టుచున్నది, తోపు పోయిన వాగు పోవును అని వారి వాదము. దేవతను కాపాడుట, నీటిని కాపాడుట అను రెండు పనులు ఆ గ్రామస్థుల మనస్సున వేర్వేరుగా లేవు.

ఈ సత్యమునకు విశాలమైన నిదర్శనము మనకు పొరుగుననే కలదు. ఒడిశా రాష్ట్రమున రాయగడ, కలహండి జిల్లాల నడుమ వ్యాపించిన నియమగిరి పర్వతములు డోంగ్రియా కొండులకు నివాసము. డోంగ్రియాలకు నియమరాజు దైవము, ధర్మకర్త, మూలపురుషుడు. కొండవాలులందు వారు అనాస, అరటి, పసుపు, అల్లము, పనస పండించుకొందురు. కాని కొండ నెత్తమునకు పోరు. అది నియమరాజు ఆస్థానము. అచట చెట్టు కొట్టరాదు, దున్నరాదు. వారి స్త్రీలు తెల్లని వస్త్రములపై కుట్టు పచ్చని, ఎఱ్ఱని త్రికోణములు సైతము ఆ కొండకొమ్ములకు గుర్తులే.

ఆ నెత్తముననే బాక్సైటు ఉన్నది. తూర్పుకనుమల శిఖరములపై టోపీవలె పరచుకొన్న ఈ ఖనిజపు పొర రంధ్రమయమైనది. వానకాలమున కురిసిన నీటిని తనలో నిలుపుకొని, ఎండకాలమున బొట్టుబొట్టుగా వాలులకు విడిచిపెట్టును. కనుకనే నియమగిరి వాగులు వేసవిలోను ఎండవు. ఆ వాగులు వంశధారకును, నాగావళికిని చేరును. వంశధార గొట్టా ఆనకట్ట దాటి, శ్రీకాకుళపు వరిచేలను తడిపి, కళింగపట్టణముచెంత సముద్రమున కలియును. కాబట్టి డోంగ్రియా రైతు ఎక్కని శిఖరమునకును, సిక్కోలు రైతు ఎత్తు మదుమునకును నడుమ ఋణానుబంధము కలదు. ఆ ఋణమును మనమెన్నడైన తలచితిమా?

కొండ దిగువన లాంజిగఢమున వేదాంత సంస్థ అల్యూమినా శుద్ధికర్మాగారమును నిర్మించినది. శిఖరముపై గని త్రవ్వుటకు 2004లో ఒడిశా ఖనిజాభివృద్ధి సంస్థతో ఒప్పందము కుదిరినది. పిమ్మట దాదాపు పదేండ్లు వివాదము నడచినది. 2010 ఆగస్టులో, ఈ వివాదమును విచారించిన సక్సేనా సంఘముయొక్క నివేదిక వెలువడిన పిదప, కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ అటవీ అనుమతిని నిరాకరించినది. విషయము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరగా, 2013 ఏప్రిల్ 18వ తేదీన ఆ న్యాయస్థానము చరిత్రాత్మకమైన తీర్పు నిచ్చినది. నియమరాజును ఆరాధించు హక్కుకు గనివలన భంగము కలుగునో లేదో తేల్చవలసినది దూరముననున్న అధికారులు గారనియు, ఆ ఊళ్ల గ్రామసభలే ఆ నిర్ణయము చేయవలెననియు 2006 నాటి అటవీహక్కుల చట్టము ఆధారముగా నిర్దేశించినది.

తరువాతి ఘట్టము మన ప్రజాస్వామ్య చరిత్రలో ప్రత్యేకముగా లిఖింపదగినది. ఆ కొండలలో నూటికి పైబడి పల్లెలుండగా ప్రభుత్వము పన్నెండింటిని మాత్రమే ఎన్నుకొన్నది. 2013 జులై నెలలో సెర్కాపాడిలో మొదలై, ఆగస్టులో జార్పాలో ముగియు వరకు, జిల్లా న్యాయాధికారి సమక్షమున, వానలో, బురదలో ఒక్కొక్క పల్లె సభ తీర్చినది. కొన్ని ఊళ్లలో పట్టుమని పదికుటుంబములు లేవు. అక్షరము రానివారు లేచి, తమ దైవమెచట ఉన్నాడో, తమ వాగు ఎచట పుట్టునో, కొండ పోయిన తమ బ్రతుకేమగునో తమ భాషలో చెప్పిరి. డోంగ్రియాలే కాక వారితో కలిసి బ్రతుకుచున్న ఇతరకులములవారును ఏకకంఠముగ పలికిరి. పన్నెండుకు పన్నెండు సభలును గనిని తిరస్కరించినవి. 2014 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ తిరస్కారమును శిరసావహించినది. గ్రామసభలను మరల జరిపింపవలెనను ప్రయత్నమునకు సైతము 2016లో సర్వోన్నత న్యాయస్థానమున చుక్కెదురైనది.

తెలుగునేలపై 2013 నాటి తీర్పునకు పదునారేండ్ల ముందే ఒక దారి పడియున్నది. అనంతగిరి మన్యమున బొఱ్ఱాగుహలు కలవు. అందు సున్నపురాతి బిందువులు యుగయుగములుగ ఘనీభవించి ఏర్పడిన లింగమును గిరిజనులు శివునిగా కొలుతురు. గోస్తనీనది ఆ గుహలతో ముడివడి పారుచున్నది. ఆ బొఱ్ఱా పరిసరములందలి గనుల కౌళ్ళపై 'సమత' అను సంస్థ వేసిన వ్యాజ్యమునందే, షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వభూమిని సైతము గిరిజనేతరులైన ప్రైవేటువారికి గనులకై కౌలుకీయరాదని 1997లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. భూమిహక్కు, దైవహక్కు వేర్వేరు అధ్యాయములుగ మన న్యాయగ్రంథములలో నున్నను, మన్యమున అవి ఒకే పుటలో నున్నవి.

నల్లమల కథ కొంత భిన్నము. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాదు పులుల అడవిలో, లోతైన లోయ అడుగున, జలపాతము ప్రక్కన సలేశ్వరుడు వెలసియున్నాడు. పూజారులు చెంచులు. చైత్రపౌర్ణమికి ముందువెనుకలుగ కొలది దినములు మాత్రమే జాతర. రాళ్లమీదుగ, ఇరుకు కొండదారిన దిగుచు యాత్రికులు "వస్తున్నం లింగమయ్యా" అని కేక వేయుదురు. మరలునపుడు "పోయొస్తం లింగమయ్యా" అని సెలవు పుచ్చుకొందురు. అహోబలమున నరసింహస్వామి చెంచులకు అల్లుడు. పారువేటకు స్వామియే పల్లకి నెక్కి పల్లెలకు వచ్చి తన పెండ్లికి పిలుచును. ఈ రెండు ఆచారములందును అడవి పరాయి ఇల్లు. ఆ ఇంటికి వచ్చినవాడు అతిథి. వచ్చునపుడు చెప్పి రావలెను, పోవునపుడు చెప్పి పోవలెను, గడువు మీరి ఉండరాదు. 2019లో ఇదే నల్లమలలో యురేనియము అన్వేషణకు యత్నము జరిగినపుడు ప్రజలు కలిసికట్టుగ ప్రతిఘటించిరి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగ తీర్మానించినది.

ఇంతవరకు గనినుండి కలుగు ఉపద్రవమును చెప్పితిని. గని బయటి శత్రువు. దానిని గుర్తించుట సులభము. కాని సభ్యులారా, లోపలి శత్రువు మరొకటి కలదు. దాని పేరు చెప్పుట అప్రియమైనను చెప్పక తప్పదు: అది మన భక్తియే. అమ్మవారు వేపచెట్టు క్రింద ఎండకెండి వానకు తడియుట భక్తులకు నచ్చదు. ముందు నలుగురు చేరి గద్దె కట్టింతురు; పిమ్మట రేకులకప్పు; ఆపైన సిమెంటు స్లాబు, దానికి చెట్టుకొమ్మ అడ్డము, కావున కొమ్మ తీసివేయుట; ఆపై ప్రాకారము, వేరు అడ్డము, కావున వేరు నరుకుట. పది పదునైదేండ్లు గడచుసరికి గుడి మిగులును, తోపు మాయమగును. ఆ పని చేసినవారిలో ఒక్కడును తాను తోపును నరికితినని ఒప్పుకొనడు. అందరును అమ్మకు గుడి కట్టితిమనియే చెప్పుదురు. కర్ణాటకములోని కొడగుసీమలో వేయికి పైబడి 'దేవరకాడు' అను దేవతావనములు కలవు. ఇరువదవ శతాబ్దమున వాని విస్తీర్ణము సగమునకు పైగా తరిగిపోయినది. కాఫీతోటల ఆక్రమణము ప్రధానకారణమే. కాని వనమునకు బదులు గుడికి ప్రాధాన్యమిచ్చు మనోవృత్తియు అందు పాలుపంచుకొన్నది.

సలేశ్వరమునకు సైతము ఈ ప్రమాదము రాకపోదు. నేడు వాహనములు దగ్గరి వరకు పోవుచున్నవి. జాతర ముగిసిన మరునాడు లోయలో మిగులునవి ప్లాస్టిక్ సీసాలును, సంచులును. అడవియందు పులికి చోటుండవలెనని చెంచును బయటికి పొమ్మని, అదే అడవిలోనికి యాత్రికునకు బాట వేయుట ఎట్టి న్యాయము? చెంచు ఉన్నంతకాలము లింగమయ్య పొలిమేరలో మర్యాద ఉన్నది. ఆతడు పోయిన పిదప ఆ మర్యాదను బోర్డుమీద వ్రాసి నిలుపజాలము.

ఇక నా వాదమునకు రాగల ఆక్షేపణలను దాటవేయుట ధర్మము గాదు. మొదటిది: ఇది మూఢవిశ్వాసమును నెత్తికెత్తుకొనుట గాదా? నియమరాజును నమ్మవలెనని నేనెవరిని అడుగుట లేదు. ఆ విశ్వాసమువలన నిలిచిన నీటిని త్రాగువారు, త్రాగు నీటికి కృతజ్ఞులగుట మాత్రము అడుగుచున్నాను. రెండవది మరింత గట్టిది. కట్టుబాట్లన్నియు మంచివి కావు. కొన్ని తోపులలోనికి స్త్రీలను రానీయరు, కొన్నింట కొన్ని కులములవారిని గడప త్రొక్కనీయరు. వనమును కాచు 'రాదు' వేరు, మనిషిని అవమానించు 'రాదు' వేరు. మొదటిదానిని నిలుపుటకు రెండవదానిని సహింపవలెనను నియమమేదియు లేదు. నియమగిరిలో అన్నికులములును కలిసి కాపాడిన దృష్టాంతమే దీనికి చాలును. మూడవది: గిరిజనులు బీదలుగనే ఉండిపోవలెనా? ఉండనక్కరలేదు. బడి, వైద్యము, మందులు, న్యాయమైన ధరలు వారు కోరుచున్నవి. అవి ఇచ్చుటకు కొండను ముందు తాకట్టు పెట్టవలెనని ఎవరును వారిని అడుగరాదు.

ఈ విషయమున ప్రపంచమును మెల్లగా కన్నుతెరచుచున్నది. 2008లో ప్రకృతిపరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య పవిత్రస్థలములకై మార్గదర్శకములు వెలువరించినది. ఆ ఏడే కెన్యా తీరమునందలి మిజికెండా ప్రజల 'కాయా' వనములు ప్రపంచవారసత్వసంపదలో చేరినవి. ఆస్ట్రేలియాలో ఉలూరు అను మహాశిలను 1985 అక్టోబరు 26వ తేదీన మూలవాసులైన అనంగులకు తిరిగి అప్పగించిరి. ఎక్కవలదని వారు ఎంతకాలమో కోరగా, చివరకు 2019లో అదే తేదీన యాత్రికులు ఎక్కుట నిషిద్ధమైనది. మన దేశమున 2002 నాటి జీవవైవిధ్య చట్టము వారసత్వస్థలములను ప్రకటించుటకు వీలు కల్పించినది. వన్యప్రాణిచట్టము సవరింపబడి, ప్రజలే నిర్వహించు సముదాయ రక్షితప్రాంతములకు తావిచ్చినది. 2024 డిసెంబరులో సర్వోన్నత న్యాయస్థానము రాజస్థానమునందలి 'ఒరాన్' వనములను కొలిచి, గుర్తించి, కాపాడవలెనని ఆజ్ఞాపించి, అట్టి వనముల రక్షణకు దేశవ్యాప్తమైన విధానము కావలెనని సూచించినది. సాధనములు లేకపోలేదు; కావలసినది వానిని కాపరుల చేతికిచ్చుట. తాళము అటవీశాఖవద్దను, ఉత్సవము దేవాదాయశాఖవద్దను, బాట పర్యాటకశాఖవద్దను ఉండి, తరతరముల కాపరియొద్ద ఏమియు లేకపోయినచో, ఏ చట్టమును ఏ తోపును కాపాడజాలదు.

కనుక నా విన్నపములు నాలుగు. మొదట, ప్రతిగ్రామపంచాయతీయు తన పొలిమేరలోని తోపులను, చెరువుగట్టు మఱ్ఱులను, నీటిమూలములను, దేవరగుండ్లను హద్దులతోసహా దస్త్రమున కెక్కింపవలెను. లెక్కలో లేని తోపును ఆక్రమించుట తేలిక. రెండవది, ఆ హద్దులోపల నిర్మాణములు నిలిపివేయవలెను. అమ్మకు గుడి కట్టదలచినవారు హద్దు వెలుపల కట్టుదురు గాక, అమ్మ మాత్రము చెట్టుక్రిందనే ఉండనిత్తురు గాక. మూడవది, జాతరలకు గడువును, జనసంఖ్యకు పరిమితిని ఆ స్థలపు పూజారులును, గ్రామసభలును నిర్ణయింపవలెను. ప్రభుత్వము వారి నిర్ణయమును అమలు జరుపవలెను. నాలుగవది విద్యార్థులకు: ఈ సభకు వచ్చిన యువకులలో ప్రతి ఒక్కరును తమ ఊరి పెద్దలయొద్ద కూర్చుండి, ఊరి దేవతావనమున ఏ చెట్లున్నవో, ఏ కట్టుబాట్లున్నవో వారి మాటలలోనే వ్రాసికొనవలెను. ఆ కట్టుబాట్లలో పెక్కు ఏ శాసనమందును లేవు. పెద్దల నోట మాత్రమే ఉన్నవి. వారు పోయిన పిమ్మట ఎవరిని అడుగుదుము? ఈ వేసవి సెలవులలోనే ఆ పనికి పూనుకొనుడని మిమ్ము ప్రార్థించుచున్నాను.